మ్యాచింగ్ డబ్బు రాలేదా? ముందు రసీదు మీద ఈఐఎన్ చూడండి

అమెరికాలో మ్యాచింగ్ ఇచ్చే, అంటే ఉద్యోగి ఇచ్చిన విరాళానికి తన వాటా కూడా కలిపే కంపెనీలో ఉద్యోగం. నాన్‌ప్రాఫిట్‌కి 100 డాలర్లు ఇచ్చారు, కంపెనీ మ్యాచింగ్ పోర్టల్‌లో క్లెయిమ్ వేశారు. కంపెనీ వాటా 100 మాత్రం కదలడం లేదు. హెచ్‌ఆర్‌కి మెయిల్ కొట్టే ముందు రసీదు ఒకసారి తెరిచి, దాని మీద ఈఐఎన్ (సంస్థను గుర్తించే పన్ను నంబరు) చూడండి. ఎన్నిసార్లు చెప్పినా అందరూ వదిలేసేది ఆ ఒక్క పనే.

"పెండింగ్" దగ్గరే ఆగింది

చాలా పోర్టల్స్‌లో విరాళం ముట్టిందని సంస్థవాళ్లు లాగిన్ అయి చెప్పాలి. చిన్న సంస్థల్లో ఆ ఖాతా తెరిచిన వాలంటీరు ఎప్పుడో మానేసి ఉంటారు, నోటిఫికేషన్లు ఆ పాత మెయిల్‌కే పోతుంటాయి. పోర్టల్ పేరు, తేదీ, మొత్తం రాసి ఆ సంస్థ ట్రెజరర్‌కే పంపండి.

"విరాళం ధ్రువపడలేదు" అని తిరస్కరించారు

తికమక పెట్టేది ఇదే. రసీదు ఉంది, కార్డు నుంచి డబ్బు పోయింది, పోర్టల్‌లో ఎంచుకున్న సంస్థ పేరు కూడా సరైనదే. అయినా ట్రెజరర్ తన పుస్తకాల్లో మీ పేరు లేదంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు.

బహుశా మీ డబ్బు నేరుగా ఆ సంస్థకి వెళ్లి ఉండదు. ఉదాహరణకి పేపాల్ గివింగ్ ఫండ్ ద్వారా ఇస్తే, చట్టం లెక్కలో విరాళం పుచ్చుకున్నది ఆ ఫండే. అది విడిగా ఒక 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న దాతృత్వ సంస్థ. రసీదు ఇచ్చేది అదే, తర్వాత మీరు చెప్పిన సంస్థకి గ్రాంటుగా పంపేదీ అదే. పైగా ఆ గ్రాంటు పలువురి విరాళాలు కలిసిన ఒకే మొత్తంగా, కొన్ని వారాల తర్వాత చేరవచ్చు. వివరాలు సంస్థతో పంచుకోవడానికి మీరు ఒప్పుకోకపోతే మీ పేరు వాళ్లకి తెలియనే తెలియదు.

కనిపెట్టడం తేలిక. ఈఐఎన్ అంటే తొమ్మిది అంకెలు, మొదటి రెండింటి తర్వాత ఒక గీత. రసీదు మీదున్న నంబరునీ, పోర్టల్‌లో మీరు ఎంచుకున్న సంస్థ నంబరునీ పక్కపక్కన పెట్టండి. పేర్లు పోల్చడం దండగ: జాతీయ సంస్థకీ దాని స్థానిక శాఖకీ పేరు దాదాపు ఒకటే ఉండి నంబర్లు వేరుగా ఉండొచ్చు. ఆ నంబరు ఎవరిదో ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) సైట్‌లోని పన్ను మినహాయింపు సంస్థల వెతుకులాట పేజీలో తేలుతుంది.

శాఖల గందరగోళమే అయితే క్లెయిమ్ రద్దు చేసి, రసీదు మీది నంబరుతో మళ్లీ వేయండి. మధ్యలో ఫండ్ ఉంటే ఆ పని చేయకండి, కంపెనీ డబ్బు కూడా ఫండ్‌కే పోయే ప్రమాదం ఉంది. ముందు కంపెనీ నియమాల్లో మధ్యవర్తి ద్వారా ఇచ్చినవి ఒప్పుకుంటారో లేదో చూడండి. ఒప్పుకుంటే అసలు సంస్థనే ఎంచుకుని, రసీదుతో పాటు గ్రాంటు ఎవరికి వెళ్తుందో చూపే పేజీ జతచేయండి. లావాదేవీ నంబరు ట్రెజరర్‌కి ఇచ్చి, గ్రాంటు చేరాకే ధ్రువీకరించమనండి. ఒప్పుకోకపోతే ఆ విరాళానికి మ్యాచింగ్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఈసారి కంపెనీ పోర్టల్ నుంచో సంస్థ సొంత సైట్ నుంచో ఇవ్వండి, ఆ సైట్ బటన్ కూడా ఏ ఫండ్‌కి తీసుకెళ్తోందో చూసుకుని మరీ.

డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ (ముందే డబ్బు వేసి, తర్వాత ఏ సంస్థకి పంపాలో మీరు సూచించే ఖాతా) నుంచి ఇచ్చినా ఇదే తంటా. దాన్ని చాలా కంపెనీలు మ్యాచ్ చేయవు.

తక్కువ వచ్చింది

విందు టిక్కెట్ కొన్నారా? టిక్కెట్ 150 డాలర్లు, అందులో భోజనం విలువ 60 అయితే విరాళం 90 మాత్రమే. రసీదులో ఆ విభజన ఉంటుంది, క్లెయిమ్‌లో 90 వేయండి.

మిగతా కారణాలు నియమాల పేజీ ఒక్కసారి చదివితే తేలిపోతాయి: గడువు దాటడం, ఏడాది పరిమితి అయిపోవడం, కార్డు ఉద్యోగి పేరు మీద లేకపోవడం. గుడికో చర్చికో ఇచ్చి ఉంటే అది కూడా అక్కడే చూడండి, మతసంస్థలను పక్కనపెట్టే కంపెనీలు చాలానే ఉన్నాయి.