దొరికిన ఇనుప ముద్ద ఉల్కేనా: సమస్య - పరిష్కారం

పూడిక తీసిన కాలువ గట్టు మీదో, లంక పొలం దున్నుతున్నప్పుడో దొరికిన నల్లటి బరువైన ముద్దను నా దగ్గరికి తెచ్చేవారిలో ఎక్కువమంది, "ఇది ఉల్కే, అయస్కాంతం అంటుకుందండీ, పైగా మన నేలలో రాయి పుట్టదు కదా" అంటారు. గోదావరి డెల్టా ఒండ్రు నేల అన్నది నిజమే. కానీ పడవల లంగరు ముక్కలు, మిల్లు యంత్రాల విడిభాగాలు, కొలిమి చిట్టెం (లోహం కరిగించాక మిగిలే మడ్డి) ఇక్కడికి మనుషులు తెచ్చినవే, వాటిలో చాలావాటికి అయస్కాంతం అంటుకుంటుంది. అందుకే ముందుగా ఒక మూలను ఆకురాయితో గోరంత మేర అరగదీసి చూడాలి. ఈ చిన్న పని చేయకుండానే చాలామంది ఆశ పెంచుకుంటున్నారు.

లోపల బుడగల గుంటలుంటే అది దాదాపుగా చిట్టెమే. లోహపు మెరుపు లేకుండా, పింగాణీ పలక వెనుక గరుకు వైపు గీసినప్పుడు ఎర్రని గీత పడితే హెమటైట్, నల్లని గీత పడితే మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం అనుకోవచ్చు.

లోపలంతా మెరిసే లోహమే ఉండి, నికెల్‌ను పసిగట్టే డైమిథైల్ గ్లైఆక్సైమ్ అనే రసాయనంతో, అమోనియాతో తడిపి రుద్దిన దూది గులాబీ రంగుకు తిరిగితేనే అసలు చిక్కు. ఇనుప ఉల్కల్లో నికెల్ సాధారణంగా 5 శాతం లేదా అంతకు మించి ఉంటుంది కనుక, ఆ రంగు చూడగానే నమ్మేస్తాము. నేనూ నమ్మాను. లాకుల దగ్గర దొరికిన పిడికెడంత ముద్ద మీద, బొటనవేలితో మెత్తని మట్టిని నొక్కినట్టు, ఉల్కల మీద ఉండేలాంటి గుంటలున్నాయి. దూది గులాబీ అయింది. ఉల్కేనని చెప్పాను, తెచ్చినాయన దాన్ని కొత్త గుడ్డలో చుట్టి దేవుడి గదిలో పెట్టుకున్నారు. తరువాత రంపంతో కోయిస్తే ఒక అంచున మర చుట్లు బయటపడ్డాయి. అది నికెల్ కలిపిన ఉక్కు యంత్రభాగం, పైనున్న గుంటలు ఉప్పునీటి తుప్పు తిన్నవి. గులాబీ రంగు నికెల్ ఉందని మాత్రమే చెబుతుంది, అది ఎంత ఉందో, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. నికెల్ పూత పూసిన వస్తువుకూ ఆ రంగే వస్తుంది.

కాబట్టి పరీక్షను పైపొర మీద కాకుండా కొత్తగా కోసిన ముఖం మీద చేయించి, ఆ ముఖాన్ని అద్దంలా నునుపు చేయించి, ఆల్కహాలులో కలిపిన పలుచని నత్రికామ్లంతో తడిపించాలి. ఇది ఇంట్లో చేయదగిన పని కాదు, రసాయనశాలలోనే చేయించాలి. ఇనుప ఉల్కల్లో ఎక్కువ వాటిలో తిన్నని పట్టీలు ఒకదాన్నొకటి కోసుకుంటూ తేలుతాయి. వాటిని విడ్‌మన్‌స్టాటెన్ చారలంటారు. లక్షల ఏళ్ల పాటు మెల్లగా చల్లారితేనే అవి కంటికి కనిపించేంత పెద్దవిగా ఏర్పడతాయి కనుక ఏ కొలిమిలోనూ వాటిని తయారు చేయడం కుదరదు. పోత లోహంలోనూ చారలు కనిపించవచ్చు, కానీ అవి చెట్టుకొమ్మల్లా చీలుతాయి. చారలే లేని ఇనుప ఉల్కలు అరుదు, వాటి సంగతి ప్రయోగశాలకే వదిలేయాలి.

పట్టీలు కనిపిస్తే ముద్దను ఇక కోయకుండా, దొరికిన చోటును, లోతును రాసుకుని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు తెలియజేయాలి.