రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, ప్రయాణ సమయం ఎలా లెక్కించాలి?

విజయవాడ నుంచి విశాఖకు రైల్లో 350 కిలోమీటర్లు. విమానానికి పట్టాల వంపులతో పని లేదు కాబట్టి దానికి అంత దూరం ఉండదు. ఎంత ఉంటుందో, ఎంతసేపు పడుతుందో ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. ఈ రెండు చోట్లతోనే లెక్క వేద్దాం. మిగతా ఊళ్లకూ పద్ధతి ఇదే.

ముందుగా, ఊరి పేరుతో కాకుండా ఎయిర్‌పోర్టు పేరుతో వెతకండి. విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్నది సుమారు 20 కిలోమీటర్ల అవతల గన్నవరంలో, అదీ విశాఖ వెళ్లే వైపే. ఊరి నుంచి కొలిస్తే ఆ ముక్క కూడా లెక్కలో కలిసిపోతుంది.

తర్వాత కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, గన్నవరం రన్‌వే మీద రైట్ క్లిక్ చేసి ‘మెజర్ డిస్టెన్స్’ ఎంచుకోండి. విశాఖ రన్‌వే మీద నొక్కితే దూరం కనిపిస్తుంది. ‘డైరెక్షన్స్’ జోలికి పోకండి, అది రోడ్డు దారి చూపిస్తుంది.

మ్యాప్ లేకపోయినా ఫర్వాలేదు, కాలిక్యులేటర్ చాలు. గన్నవరం అక్షాంశం 16.53, రేఖాంశం 80.80. విశాఖకు అవి 17.72, 83.22. అక్షాంశాల తేడా 1.19. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు కాబట్టి 132. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. మన దగ్గర డిగ్రీకి 106 వేసుకుంటే సరిపోతుంది. తేడా 2.42 డిగ్రీలు, అంటే 257. ఇక బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రమే: రెండు వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే సుమారు 289 కిలోమీటర్లు. విమాన సర్వీసులు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకు మారితే విశాఖ అంకెలు మార్చి మళ్లీ వేసుకోవాలి.

ఇప్పుడు సమయం. చిన్న రూట్లలో తిరిగే ఏటీఆర్ (ప్రొపెల్లర్ ఉండే చిన్న విమానం) గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే 289 కిలోమీటర్లకు 35 నిమిషాలు. కానీ టికెట్ మీద 35 అని ఎప్పుడూ ఉండదు. విమానం గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతల ఆగేదాకా ఉన్న సమయాన్నే టికెట్‌లో వేస్తారు. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగే ముందు చుట్టు తిరగడం అన్నీ అందులోనివే. వీటికి ఇంకో 25 నిమిషాలు కలపండి. మొత్తం గంట. జెట్ అయితే దూరాన్ని 800తో భాగించి, అరగంట కలపండి. 52 నిమిషాలు వస్తుంది. ఇంత దగ్గర ప్రయాణంలో జెట్ పూర్తి వేగం అందుకునేలోపే దిగడం మొదలవుతుంది, అందుకే మిగిలేది ఎనిమిది నిమిషాలే.

చివరగా ఇంటి నుంచి ఇంటికి లెక్క కట్టండి. చాలా దేశీయ సర్వీసులకు చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు. గన్నవరం చేరే సమయం, లగేజీ కోసం బెల్టు దగ్గర నిలబడే సమయం కలిపితే గంట ప్రయాణం మూడున్నర గంటలు దాటుతుంది. వందేభారత్‌కు పట్టేది సుమారు నాలుగు గంటలు.

బుకింగ్ సైట్‌లో ‘వన్ స్టాప్’ అని హైదరాబాద్ మీదుగా చూపిస్తే మాత్రం ఆగండి. గన్నవరం నుంచి శంషాబాద్ 264, అక్కడి నుంచి విశాఖ 510, మొత్తం 774 కిలోమీటర్లు. పైగా మధ్యలో పడిగాపులు. డైరెక్ట్ ఫ్లైట్ దొరకని రోజు రైలెక్కడమే నయం.