పాత దొరల ఫ్యామిలీ పెయింటింగ్‌ ఎలా చూడాలి: ముందు దొరని వదిలేయండి

18వ శతాబ్దపు దొరల ఫ్యామిలీ పెయింటింగులు మ్యూజియం వెబ్‌సైట్లలో బోలెడున్నాయి, ఫోన్లోనే జూమ్ చేసుకుని చూడొచ్చు. దొర మొహం, దొరసాని గౌను చూసి "అబ్బ ఏం వేశాడ్రా" అనుకుని ముందుకెళ్లిపోతాం, నేనూ చాన్నాళ్లు అదే చేశా. ఇప్పుడు మాత్రం ముందు చేతులు చూస్తా, ఎవరివి ఖాళీగా ఉన్నాయి, ఎవరివి పని చేస్తున్నాయి అని.

జాషువా రేనాల్డ్స్ 1765 ప్రాంతంలో వేసిన జార్జ్ క్లైవ్ కుటుంబం తీసుకోండి, బెర్లిన్‌లో ఉంది. ఈ జార్జ్ మనం స్కూల్లో చదువుకున్న ప్లాసీ క్లైవ్‌కి కజిన్, ఇండియాలో బాగానే వెనకేసుకుని ఇంటికెళ్లినాయన. ఆయన ఊరికే నిలబడ్డాడు, పాపని పట్టుకున్నది మాత్రం మోకాళ్ల మీద కూర్చున్న ఇండియన్ ఆయా. తర్వాత తలలు ఏ ఎత్తులో ఉన్నాయో చూడండి, ఇంట్లో ఎవరి మాట చెల్లేదో సగం అక్కడే తెలిసిపోతుంది (మన ఇళ్లలో పాత గ్రూప్ ఫొటోలు గుర్తు తెచ్చుకోండి, తాతయ్య కుర్చీలో, పాలేరు ఎక్కడో చివర).

ఆ తర్వాత సామాను, గోడలు. జోహాన్ జోఫనీ 1786లో వేసిన కల్నల్ బ్లెయిర్ కుటుంబం లండన్ టేట్ వాళ్ల దగ్గరుంది. ఒక కూతురు పియానో ముందు కూర్చుంది, అప్పట్లో ఇంగ్లండ్ నుంచి ఇండియాకి సామాను రావాలంటే నెలల తరబడి ఓడలో రావాలి, అంటే జీతం గురించి వేరే చెప్పక్కర్లేదు. వెనక గోడకి మన దేశపు సీన్లు, అందులో ఒకటి సతీసహగమనం, డ్రాయింగ్ రూమ్‌లో తగిలించుకున్నారు మరి! రెండో కూతురి పక్కన ఒక ఇండియన్ పిల్ల పిల్లిని ఎత్తుకుని ఉంది. ఇప్పుడు టైటిల్ చదవండి, కల్నల్ గారి పేరుంది, ఈ పిల్ల మాత్రం ఉత్త "ఆయా". జూమ్ చేసి చూస్తే ఆ కూతురి ఈడుదే, పసిపిల్ల. అందుకే టైటిల్ ఎప్పుడూ చివర్లో చదవమంటా, ముందే చదివితే "ఆయా" అనే మాటే బుర్రలో కూర్చుంటుంది, పిల్ల కనపడదు.

ఆఖరిది, బొమ్మలో లేనిదెవరో చూడటం. హైదరాబాద్ కోఠీ రెసిడెన్సీ కట్టించిన రెసిడెంట్ (నిజాం దగ్గర ఇంగ్లిష్ కంపెనీ ప్రతినిధి) జేమ్స్ కిర్క్‌పాట్రిక్, ఆయన హైదరాబాదీ భార్య ఖైరున్నిసాల పిల్లలిద్దర్నీ 1805లో మద్రాసులో జార్జ్ చిన్నరీ వేశాడు, ఇంగ్లండ్ ఓడెక్కించే ముందు. ఒంటి మీద హైదరాబాదీ బట్టలు, ఇద్దరికీ నాలుగేళ్లు అటూఇటూ. పక్కన అమ్మా లేదు, నాన్నా లేడు. అక్కడికెళ్లాక సాహిబ్ ఆలం విలియం అయ్యాడు, సాహిబ్ బేగం కేథరిన్ అయ్యింది, తల్లిని మళ్లీ చూడనేలేదు. ఆ బొమ్మ తర్వాత హెన్రీ రస్సెల్ అనే ఇంకో రెసిడెంట్ చేతికొచ్చింది, పెద్దయ్యాక కేథరిన్ ఇంగ్లండ్‌లో రస్సెల్ వాళ్లింట్లో దాన్ని చూసి ఏడ్చేసిందట. ఇదంతా రంగుల్లో ఉండదు, కాబట్టి మ్యూజియం పేజీలో కింద చిన్న అక్షరాల్లో బొమ్మ ఎవరి చేతి నుంచి ఎవరికెళ్లిందో రాస్తారు చూడండి, అది స్కిప్ చేయకండి.