తెలుగు వికీలో రాసేవారికి కాపీహక్కుల గైడు

"మార్పులను ప్రచురించు" అని నొక్కగానే మీరు రాసింది క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ (అట్రిబ్యూషన్-షేర్‌అలైక్) 4.0 లైసెన్సు కిందికి వెళ్ళిపోతుంది. ఇక దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పుస్తకంగా వేసి అమ్ముకోవచ్చు కూడా. రాసినవారి పేరు చెప్పాలి, మార్చి రాసినదాన్ని అదే లైసెన్సుతో ఇవ్వాలి, అంతే షరతు. మరి మీది కానిదాన్ని ఇలా ఊరందరికీ రాసిచ్చే హక్కు మీకు ఉండదు కదా. కాపీహక్కుల గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. "మనం లాభం కోసం చెయ్యట్లేదు" అన్న వాదన అందుకే పనికిరాదు: మీకు లాభం లేకపోయినా, రేపు దాన్ని తీసుకునేవాడికి ఉండొచ్చు.

సమాచారం ఎవరిదీ కాదు, వాక్యం రాసినవారిది

తేదీలు, కొలతలు, పేర్లు, ఏం జరిగిందన్న సంగతి, వీటి మీద ఎవరికీ కాపీహక్కు లేదు. వాటిని చెప్పిన తీరు మీద ఉంటుంది. ఒక ఆదివారం అనుబంధంలో ఇలాంటి వాక్యం ఉందనుకుందాం:

"మహోగ్ర మూసీ భాగ్యనగరాన్ని కన్నీటి సంద్రంలో ముంచిన 1908 సెప్టెంబరు 28 నాటి విషాదమే ఉస్మాన్‌సాగర్‌కు పునాదిరాయి."

కొత్తగా చేరినవాళ్ళు తరచూ చేసేది ఇది: "ఉగ్రరూపం దాల్చిన మూసీ హైదరాబాదును కన్నీటి కడలిలో ముంచిన 1908 సెప్టెంబరు 28 నాటి దుర్ఘటనే ఉస్మాన్‌సాగర్‌కు నాంది." మాటలు మారాయి, వాక్యం మారలేదు. ఆ పోలిక, ఆ వరస అన్నీ అవే. ఇది కాపీయే.

వికీకి కావలసింది ఇలా ఉంటుంది: "1908 సెప్టెంబరు 28న మూసీకి పెద్ద వరద వచ్చింది. మళ్ళీ అలాంటి ముంపు రాకుండా ఏం చెయ్యాలో సూచించడానికి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించింది. ఆ తరవాత మూసీ మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద కట్టిన హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి." ఒక్కో సంగతికీ మూలం ఇస్తే సరి.

ఇలా రాయడానికి పద్ధతి ఒకటే. కనీసం రెండు మూలాలు చదవండి. తేదీలు, పేర్లు, అంకెలు మాత్రం పొడి పొడిగా కాగితం మీద రాసుకోండి. మూలాలు మూసేసి, ఆ కాగితం ముందు పెట్టుకుని ప్రయోగశాలలో (వికీలో మీకుండే చిత్తు పేజీలో) రాయండి. అయ్యాక మూలం తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. పేర్లు, బిరుదులు పక్కనబెడితే వరసగా ఐదారు మాటలు కలిశాయంటే ఆ వాక్యం తిరగరాయాల్సిందే. ఒకే మూలం పట్టుకుని కూర్చుంటే పేరాల వరస కూడా దానిదే వచ్చేస్తుంది. రెండు మూలాలు చదవమనేది అందుకే.

మూలం ఇచ్చాం కాబట్టి కాపీ కాదనుకోవడం బాగా పాతుకుపోయిన అపోహ. మూలం ఇస్తే సమాచారం ఎక్కడిదో తెలుస్తుంది, వాక్యాలు ఎత్తుకొచ్చే అనుమతి రాదు. ఎత్తుకొచ్చిన పాఠ్యం ఇట్టే తెలిసిపోతుంది కూడా. పొడిగా సాగుతున్న వ్యాసంలో ఉన్నట్టుండి "అశేష జనవాహిని నడుమ తుదిశ్వాస విడిచారు" అని తగిలితే, ఆ వాక్యాన్ని కొటేషన్లలో పెట్టి వెతికితే చాలు, పుట్టిల్లు దొరుకుతుంది.

అనువాదం దీనికి మినహాయింపు కాదు. 1957 కాపీహక్కుల చట్టం 14వ సెక్షన్ అనువదించే హక్కును కూడా హక్కుదారుకే ఇచ్చింది. ఇంగ్లీషు దినపత్రికలో వచ్చిన కథనాన్ని తెలుగులోకి దించితే అది మీ రచన అయిపోదు. ఇంగ్లీషు వికీ వ్యాసాన్ని మాత్రం నిక్షేపంగా అనువదించుకోవచ్చు, దాని లైసెన్సూ ఇదే కాబట్టి. అయితే ఆ వ్యాసం రాసినవాళ్ళకు పేరు దక్కాలి. దిద్దుబాటు సారాంశంలో ఆ వ్యాసానికి లింకు ఇచ్చి "దీని నుంచి అనువాదం" అని రాయండి. అనువాద పరికరం వాడితే అదే రాసుకుంటుంది. చేత్తో చేసి మరిచిపోతే, ఒక చిన్న దిద్దుబాటు చేసి దాని సారాంశంలోనైనా రాయాలి.

అరవై ఏళ్ళ లెక్క

మన దేశంలో పుస్తకానికి కాపీహక్కు రచయిత బతికున్నన్నాళ్ళూ, చనిపోయాక మరో 60 ఏళ్ళూ ఉంటుంది. ఈ 60 ఏళ్ళను చనిపోయిన రోజు నుంచి కాదు, ఆ మరుసటి జనవరి 1 నుంచి లెక్కేస్తారు. సురవరం ప్రతాపరెడ్డి 1953 ఆగస్టులో కన్నుమూశారు. 1954 జనవరి 1 నుంచి 60 ఏళ్ళు లెక్కిస్తే, 2014 జనవరి 1 నుంచి ఆయన రచనలు ఇక్కడ అందరివీ. సినిమాలకు, సౌండు రికార్డింగులకు, ప్రభుత్వ ప్రచురణలకు విడుదలైన ఏడాది తరవాతి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు. ప్రభుత్వానిదంటే ప్రజలదేగా అనుకోకండి. గెజిట్‌లో వచ్చిన విషయం, కోర్టు తీర్పులు 52వ సెక్షన్ కింద తిరిగి ప్రచురించుకోవచ్చు గానీ, శాఖల వెబ్‌సైట్లలోని వ్యాసాలు, ఫొటోలు అందులోకి రావు.

వికీ సర్వర్లు అమెరికాలో ఉన్నాయి గనక అక్కడి లెక్క కూడా చూడాలి. 1996 జనవరి 1 నాటికి మన దగ్గర హక్కు తీరిపోయిన రచన అమెరికాలోనూ స్వేచ్ఛే. ఆ నాటికి హక్కు ఇంకా ఉంటే అక్కడ ప్రచురణ నుంచి 95 ఏళ్ళు ఆగాలి. అంటే ప్రతాపరెడ్డి గారిదే 1949లో తొలిసారి అచ్చయిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు అక్కడి గడువు 2044 చివరిదాకా ఉంటుంది. వికీమీడియా కామన్స్‌లోకి (వికీలన్నీ వాడుకునే ఉమ్మడి బొమ్మల, ఫైళ్ళ గిడ్డంగి) స్కాన్ ఎక్కించేముందు ఈ రెండో లెక్క తేల్చుకోవాలి. 1941కి ముందే చనిపోయిన రచయితలు బతికుండగా వేసిన పుస్తకాలతో ఈ తలనొప్పి లేదు, మన గడువు ఇంకా 50 ఏళ్ళే ఉన్నప్పుడే వాటి హక్కు తీరిపోయింది కనక.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన పుస్తకమైనా, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో చూసినదైనా, కాగితం పసుపు రంగు చూసి వయసు కట్టొద్దు. అట్ట తిప్పి తొలి ముద్రణ ఏడాది చూడండి. ముందుమాట రాసినవారు, అనువాదకులు, బొమ్మలు వేసినవారు ఒక్కొక్కరికీ వేరే హక్కు, వేరే లెక్క. మూలం పాతదే అయినా అనువాదం నిన్నమొన్నటిది కావచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో పీడీఎఫ్ ఉందన్నది ఏ రుజువూ కాదు. అక్కడికి ఎవరో ఎక్కించారని మాత్రమే దానికి అర్థం.

ఫొటోలు

కెమెరా మీట నొక్కినవారిదే హక్కు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను "స్వంత కృతి" అని ఎక్కిస్తే దొరికిపోతారు: ఫైలు చిన్నదై ఉంటుంది, కెమెరా వివరాలు ఉండవు. మీరే తీసినదైతే కెమెరాలోని అసలు ఫైలే ఎక్కించండి.

డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు మన చట్టం వేరుగా చెబుతుంది. 17వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో మరోలా లేకపోతే, స్టూడియోలో డబ్బు కట్టి తీయించుకున్న పోర్ట్రెయిట్‌కు తొలి హక్కుదారు కట్టినవారే. తాతగారి ఫొటో ఎక్కించే మనవలకు ఇది పనికొచ్చే సంగతి. 1958కి ముందు తీసిన ఫొటోలకు పాత చట్టం ప్రకారం తీసినప్పటి నుంచి 50 ఏళ్ళే కనక అవి కాపీహక్కు నుంచి ఎప్పుడో బయటపడ్డాయి. 1946కు ముందువైతే అమెరికాలోనూ చిక్కు లేదు.

బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా నెలకొన్న శిల్పాలను, అలాగే కట్టడాలను ఫొటో తీసి ప్రచురించుకోవచ్చని 52వ సెక్షన్ చెబుతోంది. ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలు, హుస్సేన్‌సాగర్ మధ్య బుద్ధుడు, 2023లో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, హైటెక్ సిటీ భవనాలు, అన్నీ సరే. గోడల మీది చిత్రాలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. హైదరాబాదు మక్తా వీధుల్లో గోడలకు వేసిన బొమ్మలు ఎంత బాగున్నా, చిత్రకారుల అనుమతి లేనిదే దగ్గరగా తీసి కామన్స్‌లో పెట్టలేం. వీధి మొత్తం తీసినప్పుడు మూలన ఒక బొమ్మ పడితే ఫరవాలేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో థియేటరు ముందు కటౌట్ కూడా అంతే: ఫొటో మీదే, కటౌట్ మీద బొమ్మ మీది కాదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలోని పాత శిల్పాలకు కాపీహక్కు ఎప్పుడో తీరిపోయింది. మీరు తీసిన ఫొటో మీది, మ్యూజియం పుస్తకంలోది వాళ్ళది. లోపల ఫొటోలు తీయనిస్తారా లేదా అన్నది వాళ్ళ నిబంధన, కాపీహక్కుతో సంబంధం లేదు.

ఫెయిర్ యూజ్ చివరి దారి

ఫెయిర్ యూజ్ అంటే హక్కుదారు అనుమతి లేకుండానే కొద్దిగా వాడుకునే వెసులుబాటు. దీన్ని మొదటి దారిగా వాడేవారే ఎక్కువ. మన చట్టంలో ఇలాంటిదే అయిన ఫెయిర్ డీలింగ్‌కు పరిధి చిన్నది: సొంత పనికీ పరిశోధనకూ, విమర్శకూ సమీక్షకూ, వర్తమాన సంఘటనల వార్తలకూ. అమెరికా చట్టం 107వ సెక్షన్ ఎందుకు వాడారు, ఎలాంటి రచన, ఎంత తీసుకున్నారు, దాని అమ్మకానికి దెబ్బ తగిలిందా అని నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. పది శాతం, ముప్పై మాటలు లాంటి కొలత ఈ రెండు చట్టాల్లోనూ లేదు. వికీ నియమం ఈ రెంటికంటే బిగువు. ఎందుకంటే 2007లో వికీమీడియా ఫౌండేషన్ స్వేచ్ఛా లైసెన్సు లేని వాటికి చాలా తక్కువ చోటిచ్చింది.

ఒక సినిమా పోస్టరు తీసుకోండి. కామన్స్‌లో ఫెయిర్ యూజ్ ఒప్పుకోరు కాబట్టి, తెలుగు వికీలోనే ఎక్కించాలి. పెద్ద బొమ్మ వద్దు; ఇంగ్లీషు వికీలో సుమారు లక్ష పిక్సెళ్ళు చాలంటారు, 258×387 దానికి సరిపోతుంది. దస్త్రం (ఫైలు) పేజీలో ఎక్కడ నుంచి తెచ్చారో, హక్కు ఎవరిదో, ఏ వ్యాసంలో ఎందుకు వాడుతున్నారో, స్వేచ్ఛా బొమ్మ ఎందుకు దొరకదో రాయాలి. వేరే దస్త్రం నుంచి ఈ వివరణను అతికించి సినిమా పేరు మార్చడం మరిచిపోవడం రోజూ కనబడే వింత. ఆ ఒక్క వ్యాసంలో తప్ప హీరో పేజీలో, మూసలో (చాలా పేజీల్లో వాడే టెంప్లేటులో), మీ వాడుకరి పేజీలో అదే పోస్టరు పెడితే తీసేస్తారు. బతికున్న వ్యక్తి ఫొటోకు ఫెయిర్ యూజ్ దాదాపు వర్తించదు, ఎవరో ఒకరు వెళ్ళి ఫొటో తీయగలరు గనక. పాటలైతే మొదటి పంక్తి పేరుగా రాయండి. సాహిత్యం మొత్తం దించొద్దు. ఒక పంక్తిని ఉదహరించి దాని గురించి ఏదైనా చెబితేనే దానికి చోటు.

అనుమతి తెచ్చుకోవడం

"వికీపీడియాలో వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు" అన్న సందేశం చాలదు. అందరూ వాడుకోవచ్చని, వ్యాపారానికైనా సరేనని, దిద్దుకోవచ్చని హక్కుదారు తెలిసి రాయాలి. వ్యాపారం వద్దు, మార్పులు వద్దు అనే లైసెన్సులు వికీకి పనికిరావు. ఉత్తరం ఇలా ఉంటే చాలు: "ఈ ఫొటో కాపీహక్కుదారును నేనే. దీన్ని క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 లైసెన్సు కింద విడుదల చేస్తున్నాను. దీన్ని ఎవరైనా వ్యాపారానికీ వాడుకోవచ్చనీ, మార్చుకోవచ్చనీ, ఈ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోలేననీ నాకు తెలుసు." దీన్ని వారే తమ మెయిలు నుంచి కామన్స్ అనుమతుల బృందానికి పంపాలి, మీరు ఫార్వర్డ్ చేస్తే చెల్లదు.

పుస్తకమైతే హక్కు రచయితదా, ప్రచురణకర్తదా అని ముందు అడగండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది. అందులో గడువు రాయకపోతే ఐదేళ్ళేనని 19వ సెక్షన్. నోటిమాట మీద అచ్చయిన తెలుగు పుస్తకాలు బోలెడు, వాటి హక్కు చాలావరకు రచయిత దగ్గరే ఉండిపోయింది. రచయిత లేకపోతే వారసులందరూ సంతకం పెట్టాలి.

కాపీ కనబడితే

ముందు ఎవరు ఎవరిని కాపీ కొట్టారో చూడండి. వికీ నుంచి ఎత్తి వేసే వెబ్‌సైట్లు, అప్పుడప్పుడు పత్రికలు కూడా, తక్కువేం లేవు. పేజీ చరిత్రలో ఆ పేరా ఏ రోజు చేరిందో, అవతలి కథనం ఏ తేదీదో పోల్చండి. ఒకే దిద్దుబాటులో నాలుగు పేరాలు ఊడిపడితే అనుమానించాలి. నాలుగేళ్ళుగా ఒక్కో వాక్యం పెరిగితే మనదే అసలు. కాపీ అని తేలితే పాఠ్యం తీసేసి, సారాంశంలో మూలం లింకు ఇవ్వండి. తీసేసినా పాత కూర్పుల్లో అది ఉండిపోతుంది కాబట్టి, ఆ కూర్పులను దాచమని నిర్వాహకులను అడగండి. రాసినవారి చర్చ పేజీలో ఏ వాక్యం ఎక్కడిదో చూపిస్తూ మర్యాదగా చెప్పండి, చాలామందికి నిజంగానే తెలియదు. వాళ్ళే మనల్ని కాపీ కొట్టారని తేలితే వ్యాసం చర్చ పేజీలో రెండు తేదీలూ, అవతలి లింకూ రాసిపెట్టండి. లేకపోతే ఆర్నెల్ల తరవాత ఇంకెవరో వచ్చి కాపీ అని మంచి వ్యాసాన్ని తుడిచేస్తారు.