కీళ్లవాతం ఉన్న ఆడవాళ్లు చిగుళ్లను ఎలా కాపాడుకోవాలి?

పళ్లు తోముకుంటుంటే బ్రష్‌కు నెత్తురు అంటడం మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోని సంగతి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ఉన్నవాళ్లు, అమ్మకో అక్కకో ఆ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం పట్టించుకోవాలి. వయసుతో మోకాళ్లు అరిగిపోవడం వేరు, ఇది వేరు. శరీరంలోని రక్షణ వ్యవస్థే సొంత కీళ్ల మీద దాడి చేసే జబ్బు ఇది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

చిగుళ్లకూ వేళ్ల కణుపులకూ సంబంధం ఏమిటంటే, పంటికీ చిగురుకీ మధ్య గాలి ఆడని సందులో పార్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాని దగ్గరున్న ఒక ఎంజైము ప్రోటీన్లలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని సిట్రులిన్‌గా మార్చేస్తుంది. కొందరి శరీరం అలా మారిన ప్రోటీన్లను పరాయివనుకుని వాటి మీద యాంటీబాడీలు తయారు చేస్తుంది. డాక్టరు రాసే యాంటీ సీసీపీ రక్తపరీక్ష వెతికేది ఈ యాంటీబాడీలనే. కీళ్లు నొప్పి పెట్టడానికి కొన్నేళ్ల ముందే ఇవి రక్తంలో కనబడవచ్చు. కీళ్లవాతంతో పాటు చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో నోటి బ్యాక్టీరియా పదేపదే రక్తంలోకి చేరుతోందని 2023లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది.

అలాగని పళ్లు బాగా తోముకుంటే కీళ్లవాతం పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. చిగుళ్ల జబ్బు ఉన్న చాలామందికి కీళ్లవాతం రాదు. వంశపారంపర్యం, పొగ కూడా కారణాలే. చిగుళ్లకు వైద్యం చేస్తే కీళ్ల వాపు కొంత తగ్గిందని కొన్ని చిన్న ట్రయల్స్ చెప్పాయి, అన్నీ చెప్పలేదు. కాబట్టి ఇది మందులకు తోడే గాని బదులు కాదు.

ముందు అద్దంలో చూసుకోండి

ఫోన్ టార్చి వేసుకుని పెదవి పైకెత్తి చూడండి. మనలో చాలామందికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, రంగు చూసి బెంబేలు పడక్కర్లేదు. చూడాల్సింది పళ్ల మధ్య మొనదేలి ఉండాల్సిన చిగురు ఉబ్బి గుండ్రంగా అయిందా, నొక్కితే చీము వస్తోందా, చిగురు వెనక్కి జారి పళ్లు పొడవైనట్టు కనబడుతున్నాయా, కొత్తగా సందులు ఏర్పడ్డాయా అని. పొగ తాగేవాళ్లకు నెత్తురు కారకపోయినా ధీమా వద్దు. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేసి ఆ గుర్తును దాచేస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు నిప్పు నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అంగిట్లో క్యాన్సర్‌కు దారి తీస్తుందని తెలిసిందే. కీళ్లవాతానికీ పొగ పెద్ద శత్రువే. చుట్ట మానకుండా మిగతావి ఎన్ని చేసినా సగం పనే.

పళ్ల డాక్టరు దగ్గర

ఉదయం పది పదకొండు దాటాక, కీళ్ల బిగువు సడలాక అపాయింట్‌మెంటు తీసుకోండి. మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్, బయలాజిక్ ఇంజెక్షన్లతో పాటు ఎముకల బలానికి వేసుకునే మందులు కూడా చెప్పాలి. ఎందుకంటే వాటిలో కొన్ని వాడేవాళ్లకు పన్ను పీకాక దవడ ఎముక సరిగా మానకపోవచ్చు. కీళ్లవాతం చాలా ఏళ్లుగా ఉంటే మెడ ఎముకలు వదులై ఉండవచ్చు. కుర్చీలో తల బాగా వెనక్కి వంచవద్దని, మెడ కింద చుట్టిన తువ్వాలు పెట్టమని అడగండి. దవడ కీలు నొప్పి ఉంటే ఒకేసారి కాకుండా రెండు మూడు సిట్టింగుల్లో చేయమనండి.

‘పాకెట్లు కొలిచారా?’ అని తప్పకుండా అడగండి. పాకెట్ అంటే పంటికీ చిగురుకీ మధ్య ఉండే సందు. ప్రోబ్ అనే సన్నని కొలత కడ్డీతో ఒక్కో పంటి చుట్టూ ఆరుచోట్ల లోతు చూస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లు మామూలు. 4 గానీ అంతకు మించిగానీ ఉంటే, అందులోనూ నెత్తురు వస్తే, బ్రష్ అందని చోట బ్యాక్టీరియా కాపురం పెట్టినట్టే. అప్పుడు పైపై క్లీనింగ్ చాలదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి వేరు దాకా గార తీయాలి. రెండు మూడు నెలలకు మళ్లీ కొలిపించుకుని, ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి.

స్కేలింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయన్న భయం మన దగ్గర గట్టిగా ఉంది. అప్పటికే వదులైన పళ్లను గార పట్టి ఉంచుతుంది. అది తీశాక, చిగుళ్ల వాపు దిగాక అసలు సందు బయటపడుతుంది, అంతే.

స్కేలింగ్ కోసం కీళ్ల మందు మీ అంతట మీరు ఆపవద్దు. పన్ను పీకడమో చిగుళ్ల ఆపరేషనో అయితే రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం డాక్టరును అడిగి చేయించండి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్ ఇస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందుల షాపులో అడిగి ఏదో ఒక యాంటీబయాటిక్ మింగేయడం అందుకే పనికిరాదు.

బిగుసుకున్న వేళ్లతో తోముకోవడం

అసలు చిక్కు ఇక్కడే. సన్నని బ్రష్ పిడిని వేళ్లు పట్టలేవు. పట్టు జారితే గట్టిగా అదిమి పైపైన రుద్దేస్తాం. దాంతో చిగురు అరుగుతుంది, పాచి మాత్రం అలాగే ఉంటుంది.

పిడిని లావు చేయండి. సైకిల్ హ్యాండిల్‌కు వేసే రబ్బరు గ్రిప్ తొడిగితే బాగుంటుంది. అది లేకపోతే పాత బట్టను మూడు నాలుగు చుట్లు చుట్టి, పైన రబ్బరు బ్యాండ్లు వేయండి. బట్టను రెండు రోజులకోసారి మార్చాలి, తడిగా ఉంటే బూజు పడుతుంది. కొనగలిగితే బ్యాటరీ బ్రష్ ఇంకా మేలు. దాని పిడి లావుగా ఉంటుంది, చెయ్యి ఆడించే పని ఉండదు. కొనేముందు బరువు చూసుకోండి, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు బరువైనది కష్టం. పేస్టు ట్యూబును వేళ్లతో నొక్కలేకపోతే గట్టు మీద పెట్టి అరచేత్తో అదమండి.

లేవగానే తోముకోవాలన్న పట్టుదల వదిలేయండి. చేతులు ఐదు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, వేళ్లు సడలాక మొదలుపెట్టండి. రోజులో అసలైన తోముడు రాత్రి పడుకునే ముందు పెట్టుకోండి, అప్పటికి చేతులు కాస్త మాట వింటాయి. మోచేతులు సింకు గట్టుకు ఆనించి, మెత్తని బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల వాలులో పెట్టి, ఒక్కోచోట చిన్నగా కదిలించాలి. మొత్తం రెండు నిమిషాలు. బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు కలిపిన పళ్లపొడులు చిగురు దిగిన చోట వేరును గీసేస్తాయి.

పళ్ల సందులకు దారం వేళ్లకు చుట్టడం ఈ చేతులతో అయ్యే పని కాదు. పిడి ఉన్న చిన్న సందు బ్రష్‌లు దొరుకుతాయి. బిగువుగా, కానీ నొప్పి లేకుండా దూరే సైజు పళ్ల డాక్టరును అడిగి తీసుకోండి. మొదటి వారం పది రోజులు నెత్తురు వస్తుంది. భయపడి ఆపితే మళ్లీ మొదటికే వస్తుంది. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిస్తే 10 మిల్లీలీటర్లు రోజుకు రెండుసార్లు, రెండు వారాలకు మించకుండా వాడండి. పేస్టుతో తోమాక అరగంట ఆగి పుక్కిలించాలి, లేదంటే దాని ప్రభావం తగ్గిపోతుంది. అలవాటుగా ఏళ్ల తరబడి వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, నాలుకకు రుచి తెలియదు.

నోరు పిడచకట్టుకుపోతుంటే, కళ్లు కూడా మండుతుంటే రుమటాలజిస్టుకు చెప్పండి. కీళ్లవాతంతో పాటు షోగ్రెన్ జబ్బు వస్తే లాలాజలం ఎండిపోయి పళ్లు త్వరగా పుచ్చుతాయి. నోట్లో పుళ్లు లేస్తే మెథోట్రెక్సేట్‌ను అనుమానించండి. అది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. పొరపాటున రోజూ మింగినవాళ్లలో మొదట కనబడే ప్రమాద సూచనల్లో ఈ పుళ్లు ఒకటి. జ్వరం కూడా ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంకా జబ్బు తేలనివాళ్లకు ఒక మాట. ముట్లు ఆగిపోయే వయసులోగానీ కాన్పు తర్వాత నెలల్లోగానీ వేళ్ల కణుపులు ఉబ్బి, ఉదయం గంటకు పైగా బిగువు ఉండి, అది వారాల తరబడి తగ్గకపోతే, చిగుళ్ల సంగతి తర్వాత చూడవచ్చు, ముందు యాంటీ సీసీపీ పరీక్ష చేయించుకుని రుమటాలజిస్టును కలవండి.