రెండు చార్టుల్లో మినిమా వేరుగా కనిపిస్తే: సమస్య - పరిష్కారం

బేగంపేటలో పైలట్ శిక్షణ పొందుతున్నవారూ, విదేశాల్లో లైసెన్సు తీసుకుని హైదరాబాదుకు తిరిగివచ్చినవారూ తరచుగా తెచ్చే సందేహం ఒకటుంది. మినిమా (రన్‌వే కనిపించకుండా ఇంతకంటే కిందికి దిగరాదనే హద్దు) కోసం వెతికితే, ఒకే రన్‌వేకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఏఐపీలో (దేశ విమానయాన సమాచారపు అధికారిక సంపుటిలో) ఉచితంగా ఇచ్చే చార్టు ఒక అంకె చూపుతుంది, చందా కట్టి తీసుకున్న జెప్పెసన్ అనే ప్రైవేటు సంస్థ చార్టు మరో అంకె చూపుతుంది. దేన్ని వాడాలని అడిగేవారే గాని, తేడా ఎక్కడ పుట్టిందో వెతికేవారు తక్కువ.

ముందుగా తేదీ చూడండి. ఇంత మామూలు పరీక్షను వదిలేసి అంకెల మీద వాదించుకునేవారు ఇప్పటికీ ఎక్కువమందే ఉన్నారు. ఐరాక్ చక్రం (విమానయాన సమాచారాన్ని సవరించే అంతర్జాతీయ కాలక్రమం) 28 రోజులది, మార్పులు గురువారం అమల్లోకి వస్తాయి. ఫోన్‌లో ఎప్పుడో దాచుకున్న ఏఐపీ పీడీఎఫ్ పాతబడిందని మీకు ఎవరూ చెప్పరు. ప్రతి చక్రానికీ తాజా సవరణను మీరే తెచ్చుకోవాలి. ఆ తరువాత ఏఐపీ సప్లిమెంట్లు (తాత్కాలిక మార్పుల పత్రాలు), నోటామ్‌లు (పైలట్లకు వెలువడే తక్షణ ప్రకటనలు) తప్పనిసరిగా చూడాలి, ఎందుకంటే చార్టు పేజీ మారకుండానే అందులోని అంకె మారిపోవచ్చు. జెప్పెసన్ విషయంలో పొరపాటు దీనికి తిరగబడి ఉంటుంది: మార్పు లేని చార్టును వారు మళ్ళీ విడుదల చేయరు కనుక, పాత తేదీ ఉన్నంత మాత్రాన అది చెల్లనిది కాదు. చూడవలసింది మీ చందా ఏ చక్రం దాకా అప్‌డేట్ అయిందన్నది.

అప్రోచ్ (రన్‌వేకు దిగివచ్చే నిర్ణీత విధానం) పేరే వేరుగా ఉంటే, ఒకదానిలో ఆర్‌నావ్ జీఎన్‌ఎస్‌ఎస్ అనీ మరొకదానిలో ఆర్‌ఎన్‌పీ అనీ ఉందేమో గమనించండి; రెండూ ఉపగ్రహాల ఆధారంగా దిగే అప్రోచ్ పేర్లే. 2022 డిసెంబరు 1 నాటికి పేర్లు ఆర్‌ఎన్‌పీకి మారాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నిర్ణయించింది. పాత పేరు ఉన్న కాగితం బహుశా పాతదే. పేరు చివర జెడ్, వై అక్షరాలు తేడాగా ఉంటే మాత్రం అవి రెండు వేర్వేరు విధానాలు, వాటిని పోల్చకూడదు.

ఇక అసలు చిక్కు. తేదీలు కలిశాయి, పేరు ఒకటే, మిస్డ్ అప్రోచ్ (దిగలేకపోతే తిరిగి పైకి వెళ్ళే మార్గం) ఒకటే, అయినా ఉచిత చార్టులోని అంకె తక్కువగా ఉంది. చార్టు అడుగున ఉన్న పట్టిక శీర్షికను వేలు పెట్టి చదవండి. అక్కడ ఉన్నది డీఏ (దిగాలా, తిరిగి పైకెళ్ళాలా అని తేల్చుకోవలసిన ఎత్తు) కాదు, ఓసీఏ (సముద్రమట్టం నుంచి కొలిచిన అడ్డంకులు దాటే ఎత్తు). పక్కన కుండలీకరణంలో ఓసీహెచ్ (అదే ఎత్తు, రన్‌వే లేదా విమానాశ్రయం నుంచి కొలిచినది). అది అడ్డంకులను సురక్షితంగా దాటడానికి లెక్కగట్టిన కనిష్ఠ ఎత్తు మాత్రమే, మీరు దిగడానికి అనుమతి ఉన్న ఎత్తు కాదు. అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఉచితంగా ఇచ్చే చార్టుల్లో డీఏ, ఎండీఏలే (ఎండీఏ అంటే నిలువు మార్గదర్శనం లేని అప్రోచ్‌లో దిగగల కనిష్ఠ ఎత్తు) నేరుగా అచ్చవుతాయి. అక్కడ నేర్చుకుని వచ్చినవారి కన్ను అలవాటు కొద్దీ పట్టికలోని అంకె మీదే నిలుస్తుంది, శీర్షిక మీద నిలవదు. ఈ ఒక్క కారణం ఎంతో నేర్పున్నవారిని కూడా దెబ్బతీయడం నేను చూశాను.

లెక్క చూడండి. త్రెషోల్డ్ (రన్‌వే మొదలు) ఎత్తు 2000 అడుగులు, ఐఎల్‌ఎస్ (దిశనూ ఎత్తునూ రేడియో సంకేతాలతో చూపే వ్యవస్థ) ఓసీహెచ్ 170 అడుగులు అనుకుందాం. ఓసీఏ 2170 అవుతుంది. కాని కేటగిరీ 1 (ఐఎల్‌ఎస్‌లో ప్రాథమిక స్థాయి) అప్రోచ్‌లో డీహెచ్ (త్రెషోల్డ్ నుంచి కొలిచిన నిర్ణయ ఎత్తు) 200 అడుగులకు తగ్గరాదు కనుక మీ డీఏ 2200 అడుగులు. జెప్పెసన్ ఆ 2200నే చూపుతుంది. తప్పు ఏ చార్టులోనూ లేదు.

నిలువు మార్గదర్శనం లేని నాన్ ప్రెసిషన్ అప్రోచ్‌లో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఐఎల్‌ఎస్ ఓసీహెచ్‌లో గో అరౌండ్ (దిగడం మాని మళ్ళీ పైకెళ్ళడం) మొదలుపెట్టేటప్పుడు విమానం కోల్పోయే ఎత్తుకు కొంత కలిపి ఉంటుంది. వీఓఆర్ (దిశ మాత్రమే చూపే రేడియో కేంద్రం) వంటి అప్రోచ్ ఓసీహెచ్‌లో అది ఉండదు. అందువల్ల నిరంతరంగా దిగుతూ ఎండీఏ దగ్గరే గో అరౌండ్ మొదలుపెడితే విమానం దాని కిందికి జారుతుంది. కొన్ని సంస్థలు 50 అడుగులు కలుపుకునేది ఇందుకే.

పరిష్కారం: ముందు మీ విమానం కేటగిరీ వరుసను ఎంచుకోండి, త్రెషోల్డ్ వేగం 91 నాట్‌ల లోపైతే ఏ, 91 నుంచి 120 దాకా బీ. ఆ వరుసలోని ఓసీహెచ్‌నూ, ఆ రకం అప్రోచ్‌కు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు పెట్టిన హద్దునూ పక్కపక్కన రాసి, ఎక్కువదాన్ని తీసుకోండి. సంస్థ తరఫున ఎగిరేవారికి ఆమోదం పొందిన ఆపరేషన్స్ మాన్యువల్‌లోని మినిమాయే శాసనం. జెప్పెసన్ అంకె దానికంటే తక్కువగా ఉన్నా మాన్యువల్‌నే పాటించాలి.

ఇక చిన్న సమస్యలు రెండు. జీపీఎస్‌లో వేపాయింట్ (మార్గంలోని గుర్తింపు బిందువు) దొరక్కపోవడం చాలావరకు డేటాబేస్ గడువు సమస్య. కుండలీకరణంలోని ఎత్తులు కొద్ది అడుగులు తేడాగా ఉంటే, ఒకటి త్రెషోల్డ్ నుంచి, మరొకటి విమానాశ్రయం ఎత్తు నుంచి కొలిచిందేమో చూస్తే చాలు.

ఏది కొనాలన్న ప్రశ్నకు నా అభిప్రాయం స్పష్టం. దేశంలోపలే ఎగిరేవారికి, చదువుకునేవారికి ఏఐపీ సరిపోతుంది. జెప్పెసన్ కూడా మన చార్టులను దాని ఆధారంగానే గీస్తుంది. పలు దేశాలకు వెళ్ళేవారికి మాత్రం చందా దండగ కాదు, ఎందుకంటే ప్రతి దేశం చార్టునూ ఒకే రూపంలో చదవగలగడం అలసిన వేళ పెద్ద సహాయం. అప్పుడు కూడా బయలుదేరే ముందు గమ్యస్థానపు ఏఐపీ సప్లిమెంట్లను ఒకసారి తెరిచి చూడండి.