పదిహేడేళ్ల అమ్మాయికి ఆస్ట్రేలియా వీసా: గార్డియన్ చిక్కు ఎలా తీరిందంటే

ఇంటర్ అయిన మా అమ్మాయికి మెల్‌బోర్న్‌లో సీటొచ్చింది. పద్దెనిమిది నిండలేదు కాబట్టి, సబ్‌క్లాస్ 500 అనే స్టూడెంట్ వీసాకు అక్కడ తన బాగోగులు చూసేదెవరో చూపాలి. అక్కడే ఉన్న మా చిన్నాన్న కొడుకు పేరుతో, గార్డియన్‌ను ప్రతిపాదించే 157ఎన్ ఫారం నింపుదామన్నాడు ఏజెంటు. నిబంధన చదివితే తాత, అమ్మమ్మ, తోబుట్టువులు, అమ్మానాన్నల సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారు గానీ కజిన్లు లేరు. టెన్షన్ పట్టుకుంది.

నేరుగా కాలేజీకే రాశాం. వాళ్లు ఆమోదించిన హోమ్‌స్టేలో, అంటే అక్కడి ఓ కుటుంబం ఇంట్లో చేర్చి, పిల్ల వసతి, బాగోగుల బాధ్యత తమదేనని చెప్పే సీఏఏడబ్ల్యూ పత్రం ఇచ్చారు. అందులో బాధ్యత మొదలయ్యే తేదీకి ముందు పిల్ల ఆ దేశంలో దిగకూడదు. ఆ తేదీ చూశాకే టికెట్ కొన్నాం. ఇల్లు మారాలన్నా ముందు కాలేజీ అనుమతి కావాలి. ఆడపిల్లను అంత దూరం పంపే తల్లిగా ఈ కట్టుదిట్టం నాకెంతో ధైర్యాన్నిచ్చింది.